వేడిబండల మీద సాన్పు

ఎండాకాలం మధ్యాహ్నం మా ఊళ్లో డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి చెప్పుల్లేకుండా ఎక్కితే, దిగేటప్పుడు నడక ఉండదు, గెంతులే ఉంటాయి. అలాంటి ఊరి నుంచి వచ్చి, కాంక్రీటును వేడెక్కించడం ఎలాగో జర్మనీలో నేర్చుకున్నాను. నా ఉద్యోగం గురించి మావాళ్లకు చెప్పడం నాకెప్పుడూ ఇబ్బందే. ఒకసారి మా మేనమామ ఫోన్లో అంతా ఓపిగ్గా విని, "అంటే బండలు కాలేటట్టు చేస్తవన్నట్టు. దానికి గంత దూరం పోవుడెందుకు బిడ్డా, మే నెలల మనింటికి వస్తే ఉత్తగనే కాలుతయి గదా" అన్నాడు. 

ఫ్రైబర్గ్, సాక్సనీ రాష్ట్రంలో పాత గనుల ఊరు. వెండి అయిపోయింది, యూనివర్సిటీ మిగిలింది. మాస్టర్స్ చేయడానికి వచ్చి, అక్కడే ఒక పరిశోధన సంస్థలో స్థిరపడ్డాను. స్థిరం అనేది పెద్ద మాట. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం, ఉద్యోగం ఉన్నన్నాళ్లే స్థిరం. మేం చేసే పని చెప్పడానికి తేలికే. కాంక్రీటులో కార్బన్ పోగులు కలిపి పోస్తే అందులోంచి కరెంటు పారుతుంది. ప్రమాదం లేనంత తక్కువ కరెంటు ఇస్తే చాలు, బండ తనంతట తాను వెచ్చబడుతుంది. దాని మీద పడిన మంచు కరిగి పోతుంది. పారతో తోయనక్కర్లేదు, ఉప్పు చల్లనక్కర్లేదు.

ఇక్కడొక చిక్కుంది. ఆకాశం నుంచి దూదిలా పడేదీ మంచే, గుంటలో గాజులా గట్టిపడేదీ మంచే, పొద్దున గడ్డి మీద తెల్లటి నూగులా పట్టేదీ మంచే. తెలుగులో ఒక్క మాటతో నెట్టుకొచ్చేశాం, మనకు అంతకన్నా అవసరం పడలేదు. ఈ గడ్డ మీద మాత్రం అన్నీ గడ్డకట్టేవే. దేనికదే వేరు. ఆ తేడా ఏమిటో నాకు యూనివర్సిటీలో కంటే మేం అద్దెకున్న ఇంటి వాకిట్లో బాగా తెలిసివచ్చింది.

ఆ ఇల్లు ఒక వాలు వీధిలో ఉండేది. కింద ఓనరమ్మ, పైన నేనూ మా ఆయనా. ఇంటి తలుపు నుంచి వీధి గేటు దాకా చిన్న దారి, అదీ ఏటవాలే. ఇంటికి ఉత్తరపు వైపు కావడంతో చలికాలమంతా దానికి ఎండ పొడ తగలదు. మేం చేరిన మొదటి ఏడాది ఆ దారిలోనే ఓనరమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మంచు ఆమెను మంచాన పడేసింది అని మా ఆయనతో అని, వెంటనే నాలుక్కరుచుకున్నాను. నవ్వకూడని చోటే మాటలు ఇలా జతకూడి నోట్లోకి వస్తాయి. అది నాకున్న జబ్బు.

ఆమె కోలుకుంది. రోలేటర్ అనే చక్రాల ఊతబండి పట్టుకొని నడవసాగింది. కానీ పడమటి జర్మనీలో ఉండే కొడుకు ఒక షరతు పెట్టాడు. మళ్లీ ఒక్కసారి పడితే ఇల్లు అమ్మేసి ఆమెను హైమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, చేర్చడమే. మెట్ల దగ్గర ఉతికిన దుప్పటి రెండో కొస నాకందించి మడతపెడుతూ, ఈ సంగతి ఆమే చెప్పింది.

"నా కొడుకు చెడ్డవాడు కాదు. భయస్తుడు. చెడ్డవాడయితే పోట్లాడొచ్చు. భయపడేవాడితో ఏం చేస్తాం?"

కొడుకు రోజూ ఉదయం ఫోన్ చేసేవాడు. అడిగేది ఒకటే, బేకరీకి వెళ్లొచ్చావా అని. బేకరీ వీధి మలుపులో ఉంది. వెళ్లొచ్చానంటే కాళ్లూ బుద్ధీ సరిగా ఉన్నట్టు లెక్క. వెళ్లలేదని వరసగా చెబితే ఆ వారం టపాలో హైమ్‌ల రంగుల పుస్తకాలు వచ్చేవి. పడడం ఒక భయం, పడతానేమోనని ఇంట్లో కూర్చుండిపోవడం ఇంకో భయం. ఈ రెండింటి మధ్య ఆమె ఉన్న ఇల్లు అది, పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఉన్న ఇల్లు.

ఆ వేసవిలో మా సంస్థకు బయట పరీక్షించడానికి ఒక స్థలం కావాల్సి వచ్చింది. "ప్రయోగశాల పెరట్లో వద్దు, మనుషులు నిజంగా నడిచే చోటు కావాలి" అన్నాడు మా ప్రొఫెసర్. నేను మా వాకిలి చూపించాను. ఓనరమ్మ సంతకం పెట్టింది. పాత రాళ్లు తీసి, తలుపు నుంచి గేటు దాకా మా బండలు పరిచాం. వాటికి కరెంటు ఇచ్చే పెట్టె కింద సెల్లార్లో. ఒక బండ మూలన అగ్గిపెట్టెంత సెన్సర్. అది రెండే సంగతులు చూస్తుంది, తడి ఉందా, చలి సున్నాకు దిగిందా అని. రెండూ ఉంటే మంచు పడిందని తీర్మానించి కరెంటు వదులుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా కదలదు. కరెంటు వృథా కాకూడదన్నదే మా ప్రాజెక్టు ప్రాణం. కెమెరా పెట్టి చూద్దామంటే ఇంటి వాకిలికి డేటా రక్షణ నియమాలు ఒప్పుకోలేదు. కాబట్టి బండ ఏం చెబితే అది నమ్మాలి. బండను నమ్ముకున్న బతుకు అని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నాను.

మామూలుగా అత్తలు జర్మనీకి కాన్పులకు వస్తారు. మా అత్తమ్మ ఏ కాన్పూ లేకుండానే, కొడుకు ఎక్కడ ఉంటున్నాడో కళ్లారా చూడాలని మూడు నెలల వీసా మీద హన్మకొండ నుంచి వచ్చింది. మామయ్య చలి పేరు వినే జ్వరం తెచ్చుకొని ఉండిపోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, రైలెక్కి, కిటికీలోంచి ఒకటే బూడిదరంగు చూస్తూ వచ్చింది.

"సూర్యుడు ఎప్పుడొస్తడే?" అంది డ్రెస్డెన్ దగ్గర.

"మార్చిల, అత్తమ్మా."

వేళాకోళమనుకొని నవ్వింది. వారం తర్వాత మళ్లీ అడగలేదు.

ఓనరమ్మ మర్యాదగా కాఫీకి పిలిచింది. మధ్యలో నేను దుబాసీని. అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగి, "అక్కా, గింత పెద్దింట్ల ఒక్కదానివే ఎట్లుంటవు? నీ కొడుక్కు బుద్ధి లేదా?" అంది. ఇల్లు చాలా బాగుందంటోందని నేను జర్మన్‌లో చెప్పాను. ఓనరమ్మ తన కేకు వైపు చూసి, "ఈమె నా కేకు ముట్టుకోలేదు, నా వంటిల్లు మురికిగా ఉందనుకుంటోందా?" అంది. మిమ్మల్ని చూసి సంతోషమయిందంటోందని అత్తమ్మకు చెప్పాను. గుడ్డు వేసిన కేకు ఆమె ముట్టదని తర్వాత ఓనరమ్మకు విడిగా సర్దిచెప్పుకున్నాను. దుబాసీ పని నాకు బాగానే వచ్చు. అటునుంచి రాయి విసిరితే ఇటు పువ్వుగా అందించడం. ఆ రోజుల్లో నేను ఉన్నదున్నట్టు అనువదించిన మాటలు తక్కువ. వాటిలో ఒకదాని సంగతి తర్వాత వస్తుంది.

ఆ చలికాలం మంచు పడలేదు. చలి ఉంది, బూడిదరంగు ఆకాశం ఉంది, క్రిస్మస్‌కని ఊరంతా కిటికీల్లో విల్లులా వంగిన దీపాలు పెట్టారు, మంచు మాత్రం లేదు. వాన కోసం ఆకాశం చూసే ఊళ్లో పెరిగినదాన్ని, మంచు కోసం ఆకాశం చూశాను. మంచు కరిగించే బండకు మంచే రాకపోతే, ఆకలి లేనివాడికి వడ్డించినట్టే.

విచిత్రమేమిటంటే, సంస్థలో నా కంప్యూటర్ మాత్రం మా వాకిట్లో రోజూ తెల్లవారుజామున మంచు పడుతోందని చెప్పసాగింది. తడి ఉంది, సున్నా కింద చలి ఉంది, బండ వేడెక్కింది, ఆరింది. ప్రతి రోజూ ఇదే వరస. ఊళ్లో ఇంకెక్కడా చుక్క పడలేదు. నేను నిద్రలేచి బయటికొచ్చేసరికి దారి పొడిగా, గోరువెచ్చగా ఉండేది. మొదట సంబరపడ్డాను. తర్వాత అనుమానపడ్డాను. మా ప్రొఫెసర్ ఆ గీతలు చూసి, కళ్లజోడు తుడుచుకొని, "మీ ఇంటికి సొంత వాతావరణం ఉన్నట్టుంది" అన్నాడు. జర్మన్‌లో హాస్యం ఇలాగే ఉంటుంది, ముఖం చూసి పోల్చుకోలేం.

ఆ వారాల్లోనే ఓనరమ్మ రోజూ బేకరీకి వెళ్లొచ్చింది. రోలేటర్ బుట్టలో కాగితం సంచి పెట్టుకొని గేటు తోసుకొని వచ్చేది. కొడుకు ఫోన్ వస్తే గొంతు పైదాకా వినిపించేది, "వెళ్లొచ్చాను, వెళ్లొచ్చాను" అని. హైమ్‌ల పుస్తకాలు రావడం ఆగిపోయింది.

సెన్సర్ పాడయిందనుకొని ఒక రోజు తెల్లారకముందే థర్మామీటర్ పట్టుకొని కిందికి దిగాను. గుమ్మంలో మా ఆయన జాకెట్ తొడుక్కొని, తలకు మఫ్లర్ చుట్టుకొని అత్తమ్మ నిలబడి ఉంది. చేతిలో స్టీలు చెంబు. గుమ్మం దిగకుండా, మణికట్టు తిప్పుతూ, బండల మీద నీళ్లు చల్లుతోంది.

"అత్తమ్మా, ఏం చేస్తున్నవు?"

"కనవడ్తలేదా? సాన్పు చల్లుతున్న."

పుస్తకాల్లో కళ్లాపి అంటారు, మా దిక్కు సాన్పు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లడం.

"గీ చలిలనా?"

"చలికాలమని వాకిలి ఎండబెట్టుకుంటమా? నీళ్లు చల్లితెనే ఇల్లు నిద్ర లేస్తది."

"ఎన్ని రోజులసంది?"

"వచ్చిన మర్నాటి సంది. పేడ లేదు, ఉత్త నీళ్లే. ముగ్గు గూడ వెయ్యలె, పరాయోళ్ల వాకిలి గదా."

చల్లిన నీళ్లు చూస్తుండగానే పలచటి గాజుపొరలా గట్టిపడ్డాయి. సెల్లార్లో పెట్టె టక్కుమంది. కాసేపటికి ఆ పొర అంచుల నుంచి కరగసాగింది. నేను గుమ్మం మెట్టు మీద కూర్చొని, అత్తమ్మకు నా ఉద్యోగం మొదటి నుంచి చెప్పాను. తడి, చలి, సెన్సర్.

"అంటే నేను చెంబెడు నీళ్లు చల్లితే మంచు వడ్డదనుకుంటున్నదా నీ బండ?"

"అవు."

"ఇన్నేండ్లు సదివి గంత తెలివితక్కువ దాన్ని తయారు చేసినవా?"

"దానికి తడి, చలి తప్ప ఇంకోటి తెల్వదు, అత్తమ్మా."

"పాపం" అంది అత్తమ్మ, బండ వైపు చూస్తూ. "ఈ ఊళ్లె నాకు తెలుగు తప్ప ఇంకోటి తెల్వనట్టే."

పక్క కిటికీ తెరుచుకుంది. ఓనరమ్మ తల బయటికి పెట్టి, "ఈ రోజు ఇద్దరా? పరీక్ష పద్ధతి మార్చారా?" అని అడిగింది. ఆమె మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉందట. అత్తమ్మను మా సంస్థే ఈ పనికి నియమించిందనుకుందట. "అంత ఠంచనుగా వస్తుంటే, చుట్టరికం మీద వస్తోందని ఎలా అనుకుంటాను?" అంది. ఇది అసలెందుకు చేస్తుందని అడిగింది. నిద్ర చాలకో, నవ్వు వల్లో, సర్దిచెప్పే ఓపిక లేక, అత్తమ్మ అన్నదే అన్నట్టు చెప్పాను. "నీళ్లు చల్లితేనే ఇల్లు నిద్ర లేస్తుందట."

ఓనరమ్మ ఆ మాటను రుచి చూసినట్టు మళ్లీ ఒకసారి పలికింది. "నిజమే" అంది.

ప్రొఫెసర్‌కు చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు. సాన్పు అనే మాట ఎలా పలకాలో రెండుసార్లు అడిగి, అన్ని వారాల కొలతలూ పక్కన పెట్టించాడు. ఇక నీళ్లు చల్లడం ఆపమన్నాడు. అత్తమ్మ చెంబు బోర్లించింది, కానీ రోజంతా ముఖం ముడుచుకునే ఉంది.

ఆపిన మర్నాడు ఆకాశం నీలంగా ఉంది. పొడి చలి. గాలిలో ఉన్న కాస్త తేమా రాత్రికి రాత్రే బండల మీద తెల్లటి నూగుగా పట్టింది. చూడ్డానికి చక్కెర అద్దినట్టుంది, కాలు పెడితే సబ్బు. మా సెన్సర్ అంచున కూడా అదే నూగు. కానీ అది తడి కాదు. తడి లేదు కాబట్టి మంచు లేదని బండ నిద్రపోతోంది. ఓనరమ్మ కోటు తొడుక్కొని, రోలేటర్ పట్టుకొని తలుపు తీసింది. ముందు చక్రం బండ మీద పెట్టింది. అది పక్కకు జారింది. వెనక్కు లాక్కుంది. తలుపు చట్రం పట్టుకొని కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తర్వాత ఫోన్ మోగింది. "ఈ రోజు వెళ్లలేదు" అన్న మాట పైకి వినిపించింది. ఆ తర్వాతి రోజూ అదే. మూడో రోజు అవతలివాళ్లే ఎక్కువసేపు మాట్లాడారు.

నేను కంకర చల్లాను. ఏటవాలులో కంకర మీద రోలేటర్ చక్రాలు ఇంకా అధ్వాన్నం, ఇరుక్కుపోయాయి.

"నీ పరీక్ష పాసయ్యేదాక అక్క ఇంట్లనే కూసోవాల్నా?" అంది అత్తమ్మ. నా జవాబు కోసం చూడకుండా చెంబు తీసుకొని కిందికి దిగింది.

నూగుమంచును మా సెన్సర్ గుర్తించదని, నీళ్లు పడితేనే మేలుకుంటుందని ప్రొఫెసర్‌కు కొలతలతో సహా చూపించాను. ఈసారి ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. లోపం దొరికితే అంత సంతోషించే మనుషుల్ని నేనింకెక్కడా చూడలేదు. సెన్సర్ మార్చడం వచ్చే ఏడాది ప్రాజెక్టు పొడిగిస్తే చూద్దామని, అప్పటిదాకా నీళ్లు చల్లమనీ, చల్లిన రోజు విడిగా గుర్తుపెట్టమనీ అన్నాడు. మా పట్టికలో 'సాన్పు' అని కొత్త వరుస చేరింది. సాక్సనీలో నేను చూసిన తెలుగు మాట అదొక్కటే.

వీసా అయిపోవచ్చింది. బయల్దేరే ముందు అత్తమ్మ ఓనరమ్మకు పని అప్పగించింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. ఓనరమ్మ ఒక చేత్తో రోలేటర్, ఒక చేత్తో చెంబు.

"అట్ల కుమ్మరియ్యద్దు అక్కా, చెట్టుకు పోసినట్టు. చెయ్యి ఇట్ల తిప్పాలె."

"కుమ్మరించొద్దట" అన్నాను నేను.

"చూస్తున్నాను, నాకు కళ్లున్నాయి" అంది ఓనరమ్మ, నాతో.

చెంబు అక్కడే వదిలేసి వెళ్లింది అత్తమ్మ. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో చలి పట్టిన ప్రతి పొద్దునా కింద తలుపు చప్పుడు, కాసేపటికి సెల్లార్లో పెట్టె టక్కుమన్న చప్పుడు. ఆ తర్వాత చక్రాల చప్పుడు. నేను పక్క మీంచే వినేదాన్ని.

ప్రాజెక్టు పొడిగించలేదు. మంచే పడని చోట మంచు కరిగించే బండలు ఎలా పనిచేశాయో ఎవరు చెప్పగలరు? ఆ మాటే మర్యాదగా రాసి పంపారు. వేసవిలో సెల్లార్లోని పెట్టె తీసుకెళ్లారు. బండలు తవ్వి తీయడం దండగని అక్కడే వదిలేశారు. నా ఉద్యోగం కూడా ఆ పెట్టెతోనే పోయింది. నాకు డార్మ్‌స్టాట్‌లో వేరే పని దొరికింది. అదీ కాంక్రీటే, కాకపోతే వేడెక్కనిది.

వెళ్లే రోజు ఓనరమ్మకు గట్టిగా చెప్పాను. "ఇక ఇవి ఉత్త బండలు. చలిలో నీళ్లు చల్లకండి. గాజు అయిపోతుంది."

"నేను గనిపనివాడి కూతుర్ని. నీళ్లు ఏం చేస్తాయో మీరు చెప్పాలా?" అంది. నా చెయ్యి వదలడానికి కొంచెం ఆలస్యం చేసింది.

ఆ చలికాలం ఫ్రైబర్గ్‌లో తెగ మంచు కురిసింది. వార్తల్లో చూశాను. నాకేమో డార్మ్‌స్టాట్‌లో వాన. ఆదివారాలు ఫోన్ చేస్తే, పైన కొత్తగా చేరిన కుర్రాళ్లు పారతో దారి చేస్తున్నారని, బేకరీలో కొత్త రొట్టె వచ్చిందని చెప్పేది. జనవరిలో ఒక ఆదివారం ఎవరూ ఎత్తలేదు. తర్వాతి ఆదివారం ఆమె కొడుకు ఎత్తాడు.

"అమ్మ హైమ్‌లో ఉంది" అన్నాడు.

"పడ్డారా?"

"లేదు. పడలేదు."

జరిగింది చెప్పాడు. వారాంతానికి వచ్చాడట. పొద్దున్నే లేచి చూస్తే తలుపు బార్లా తీసి ఉంది. తల్లి రాత్రి గౌను మీద కోటు వేసుకొని గుమ్మంలో నిలబడి, గడ్డకట్టే చలిలో, బండల మీద చెంబుతో నీళ్లు చల్లుతోంది.

"ఎందుకమ్మా అని అడిగాను. ఇల్లు నిద్ర లేవాలి అంది. ఇండియా నుంచి వచ్చినావిడ చెప్పిందట." అతని గొంతు మామూలుగానే ఉంది, అందుకే వినలేకపోయాను. "పడితే ఎముక అతుక్కుంటుంది. ఇది అతుక్కునేది కాదు కదా."

నేను చెప్పాను. సెన్సర్, తడి, చలి, నూగుమంచు, మా అత్తమ్మ, పట్టికలో వరుస, అన్నీ. చెబుతుంటే నాకే తెలుస్తోంది, ఒక్కో మాటతో ఓనరమ్మ పిచ్చిది కాదని రుజువు కావడం లేదు, నేను కూడా పిచ్చిదాన్నని రుజువవుతోంది. అతను చివరిదాకా విన్నాడు.

"మీరు మంచివాళ్లు. కానీ ఇప్పుడక్కడ కరెంటు లేదు కదా?"

లేదన్నాను.

ఫిబ్రవరిలో చూడ్డానికి వెళ్లాను. హైమ్ ఊరి చివర, కొత్త భవనం. రైలు దిగి బస్సెక్కి వెళ్లేసరికి చుట్టూ మోకాలెత్తు మంచు. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఓనరమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చొని ఉంది. జుట్టు చక్కగా దువ్వారు. నన్ను గుర్తుపట్టింది, మా ఆయన ఉద్యోగం అడిగింది, డార్మ్‌స్టాట్‌లో అద్దెలు ఎక్కువట కదా అంది. మతిపోయిన మనిషి అడిగే ప్రశ్నలు కావవి.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "బండలు వేడెక్కవని మీకు తెలుసు కదా?"

"తెలుసు. గోరువెచ్చటి నీళ్లే తీసుకున్నాను. గుమ్మం ముందు మాత్రమే చల్లాను."

"అక్కడే కదా అడుగు పెట్టేది, జారితే?"

"నేను అడుగు పెడితే కదా." కిటికీ వైపు తిరిగింది. "డిసెంబరు నుంచి నేను గుమ్మం దాటలేదు. వాడికి ఫోన్లో బేకరీకి వెళ్లానని చెప్పేదాన్ని. మీకూ చెప్పాను. పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలియదు. అదొక పని ఉండేది."

అత్తమ్మ అడిగిందని చెప్పి వీడియో కాల్ చేశాను. హన్మకొండలో ఎండ వెలుగు తెరంతా నిండింది. అత్తమ్మ ఫోన్ మరీ దగ్గరగా పెట్టుకుంది, నుదురు, బొట్టు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అక్కా, మంచిగున్నవా? ఇదెవ్వలిల్లు? వాకిట్ల నీళ్లు చల్లుతున్నవా?"

ఈసారి ఏమీ మార్చకుండా చెప్పాను. ఓనరమ్మ తెర వైపు వంగింది.

"ఇక్కడ వాకిలి ఎప్పుడూ వెచ్చగా, పొడిగా ఉంటుంది. చల్లే అవసరం లేదని చెప్పండి."

"ఈడ వాకిలి ఎప్పటికీ వెచ్చగనే ఉంటదట అత్తమ్మా. చల్లే పని లేదట."

"నీ బండలేసిండ్రా?"

"నావి కావు. అసొంటియే కావచ్చు."

"మరింకేం. మంచిదే గదా." అత్తమ్మ ఫోన్ కొంచెం దూరం జరిపి చూసింది. చాలాసేపు చూసింది. "మరి అక్క అట్లెందుకు కూసున్నది?"

"ఏమంటోంది?" అని అడిగింది ఓనరమ్మ.

"మిమ్మల్ని చూసి సంతోషమయిందట."

"ఎప్పుడూ అదే అంటుంది" అంది ఓనరమ్మ, తెరలో ఉన్న నుదుటికి చెయ్యి ఊపుతూ.

బయటికి వచ్చాక గమనించాను. తలుపు నుంచి బస్టాపు దాకా వాలుగా వేసిన దారి మీద మంచు రేణువు లేదు. రెండు పక్కలా తెల్లటి గోడలు, మధ్యలో నల్లటి బండలు, వాటి మీంచి సన్నగా ఆవిరి. ఒక మూల చిన్న సెన్సర్ కనిపించింది, మాదానికంటే మంచి రకం. అలవాటు కొద్దీ వంగి, చేతి తొడుగు తీసి తాకి చూశాను. వెచ్చగా ఉంది. అంచుల్లో కూడా ఎక్కడా గడ్డకట్టలేదు. చాలా మంచి పనితనం.

వెనక్కి తిరిగి చూస్తే పొడవాటి అద్దం వెనక వరసగా కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. బస్సు వచ్చేదాకా ఆ దారి మీద నేను తప్ప ఎవరూ నడవలేదు.